గొడుగుల మూల

గొడుగు అయ్యగారు దేవుడిలాంటి మనిషని అందరూ అంటారు. అననీ, వాళ్ళ నోళ్ళు వాళ్ళవి. నా తమ్ముడి శవపెట్టె చర్చి లోపలికి పోకుండా గుమ్మం మీదే ఆగిపోయిందంటే అది ఆయన వల్లే. నా సంసారం నడిమికి విరిగిందంటే అదీ ఆయన వల్లే. ఈ మాట ఆయన ముఖం మీదే అనేశాను. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు సగం బరువు దిగేది. "అవును నాయనా, నా వల్లే" అన్నారు. అలాంటి మనిషితో పోట్లాడటం కంటే గోడకి తల కొట్టుకోవడం నయం. గోడయితే కాస్త పెచ్చయినా రాలుస్తుంది.

ఆయన మా చర్చి పాస్టరు. ఎండనక వాననక చేతిలో నల్ల గొడుగు ఉంటుంది కాబట్టి ఆయనకా పేరు. పిల్లలు పెట్టారు, పెద్దలు ఖాయం చేశారు.

నేను బావులు తవ్వేవాణ్ణి. ఐదో తరగతితోనే బడికి దండం పెట్టేశాను. మా ముఠాలో ముగ్గురం. నేను, నా తమ్ముడు చిన్నోడు, మా ఆవిడ తమ్ముడు ఉడుం. ఉడుం అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. మోకుతాడు పట్టుకున్నాడంటే పిడుగు పడినా వదలడు, అందుకని. బావి పైన గిలక దగ్గర నిలబడి మోకు పట్టేది వాడు. కిందికి దిగేది చిన్నోడు, సన్నటి ఒళ్ళు కాబట్టి. బేరాలు, తిట్లు, అందరికంటే ముందు ఆకలెయ్యడం నా వంతు.

చిన్నోడు మా ఆవిడ చేతి ముద్దలు తిని పెరిగినవాడు. వాడికి తల్లయినా వదినే, తగువులాడే తోడయినా వదినే. బావిలోకి దిగబోతూ రోజూ ఉడుంతో ఒకటే మాట అనేవాడు.

"చూస్కో బావా, మోకు వదిలావంటే మా వదిన నీకు అన్నం పెట్టదు."

"మీ వదిన నాకు అక్కరా. నీకంటే ముందునుంచీ నాకు పెడుతోంది."

"అక్కయితే ఏంటి? గరిటె ఎవరి చేతిలో ఉందో చూడు, చుట్టరికం తర్వాత చూద్దువుగాని."

పైకి లాగాలంటే కిందవాడు మోకును గట్టిగా ఊపుతాడు. బావుల పని పుట్టినప్పటినుంచీ ఉన్న గుర్తు అది. దానికి చిన్నోడు ఇంకో అలవాటు కలిపాడు. వాడు చర్చి క్వయర్‌లో పాడేవాడు. మధ్యాహ్నం చర్చి గంట కొడితే మా సంఘంలోవాళ్ళం ఎక్కడివాళ్ళం అక్కడ పని ఆపి, తల దించుకుని కాసేపు ప్రార్థన చేసుకుంటాం. బావి అడుగున గంట వినపడదు. అది వాడికి నచ్చలేదు.

"నువ్వొక్కడివే మొక్కుకుంటే ఎలా బావా? గంట కొట్టగానే మోకు ఊపు. నేనూ తిరిగి ఊపుతాను. నేనూ ప్రార్థనలోనే ఉన్నానని నీకు తెలుస్తుంది."

"ఆ చీకట్లో దేవుడికి నువ్వు కనపడాలి కదరా" అన్నాడు ఉడుం.

"పైనుంచి చూసేవాడికి బావిలో ఉన్నవాడే సూటిగా కనపడతాడు."

నవ్వాం. ఆ అలవాటు అలాగే నడిచిపోయింది. లాగమన్నా మోకు ఊపడమే, ప్రార్థన అన్నా మోకు ఊపడమే. గంట కొట్టేది రోజుకొకసారి, అదే వేళకి ఇంకో అవసరం ఎందుకొస్తుంది అనుకున్నాం. అనుకోవడం కూడా కాదు, ముగ్గురిలో ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు.

ఆ వేసవి చర్చికి రెండు వీధుల అవతల ఉన్న లాండ్రీ వాళ్ళ బావి ఎండిపోయింది. ఇంకాస్త లోతు చెయ్యమన్నారు. అడుగున రాయి తగిలింది. గునపాలు మొండిబారుతున్నాయి. ఆ రోజు పొద్దున దీపం దించి చూశాం. బావిలో గాలి మంచిదైతే దీపం నిలుస్తుంది, చెడ్డదైతే ఆరిపోతుంది. దీపం నిటారుగా నిలబడింది. చిన్నోడు దిగాడు. నేను మొండి గునపాలు మూడు భుజానేసుకుని మొన పెట్టించడానికి కమ్మరి కొట్టుకి వెళ్ళాను.

తర్వాత జరిగింది నేను చూసింది కాదు. పదిమంది చెప్పగా విన్నది. రాయి పగిలి దాని వెనకాల సందులోంచి చెడ్డ గాలి పొంగిందన్నారు. అది నోరు తెరవనివ్వదు, మనిషిని లోపలినుంచి నొక్కేస్తుంది. సరిగ్గా ఆ వేళకే గంట కొట్టింది. ఉడుం అలవాటుగా మోకు ఊపాడు. కిందనుంచి మోకు ఊగింది. గట్టిగా ఊగింది. చిన్నోడు కూడా ప్రార్థనలో ఉన్నాడనుకున్నాడు వీడు. మోకును రెండు చేతులా పట్టుకునే కళ్ళు మూసుకుని తల దించుకున్నాడు.

కళ్ళు తెరిచేసరికి మోకు వదులుగా ఉంది. లాగితే ఖాళీ తట్ట పైకొచ్చింది.

ఉడుం బావిలోకి దూకబోతే ఇస్త్రీ చేసే అతను, ఇంకో ఇద్దరు కలిసి వాణ్ణి నేలకేసి అదిమి పట్టుకున్నారట. దీపం దించితే సగం దూరంలోనే ఆరిపోయిందట.

నేను వచ్చేసరికి కొక్కెం వేసి తమ్ముణ్ణి పైకి తీశారు. ఉతికి మడతలు పెట్టిన తెల్ల దుప్పట్లు పరిచి వాటిమీద పడుకోబెట్టారు. వాడి ఒంటి బురద దుప్పట్లకి అంటుకుంది. పైసా దగ్గర ప్రాణం పెట్టే లాండ్రీ యజమాని ఒక్క మాట అనలేదు. చిన్నోడి పిడికిట్లో మోకు పీచు ఉంది. ఊడదీద్దామని చూశాను. వేళ్ళు రాలేదు.

"ఉడుం ఏడీ?" అన్నాను.

ఇస్త్రీ అతను వీధి వైపు చూశాడు. "అయ్యగారు వచ్చి తీసుకుపోయారన్నా" అన్నాడు.

వీధిలోకి పరిగెత్తాను. మొన పెట్టిన గునపాలు మూడూ భుజం మీదే ఉన్నాయి. దించాలన్న ధ్యాస లేదు. చూసినవాళ్ళు మాత్రం వేరేగా అనుకున్నారు. నిజం చెప్పాలంటే, నాలుగు అడుగులు వేశాక నేనూ వేరేగానే అనుకున్నాను. నడినెత్తిన ఎండ. వీధి చివర నల్ల గొడుగు పోతోంది. దాని కింద ఇద్దరు. ఒకరు అయ్యగారు. రెండోవాడి చేతులు ఇంకా మోకు పట్టుకున్నట్టే ముందుకి చాచి, పిడికిళ్ళు బిగించి ఉన్నాయి.

చర్చి వరండా ఎక్కేసరికి అయ్యగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి.

"లోపలికి రా నాయనా. నీ ఇల్లే ఇది. గునపాలు మాత్రం ఆ మూలన పెట్టి రా."

ఆ మూల సంగతి చెప్పాలి. వరండాలో ఎడమచేతి పక్కన గొడుగుల మూల అని ఒకటుంది. చెప్పులు, గొడుగులు, పనిముట్లు అక్కడ వదిలి లోపలికి పోవాలి. వడ్రంగి రంపం, కూరగాయలమ్మే ఆవిడ తక్కెడ, అందరివీ అక్కడే. ఇన్నేళ్ళలో ఎవరి వస్తువూ పోలేదు.

"వాణ్ణి బయటికి పంపండి" అన్నాను.

"పంపను."

"వాడు నా తమ్ముణ్ణి చంపాడు."

"వాడూ అదే అంటున్నాడు. అందుకే పంపను."

ఈలోపు మా పెదనాన్న కొడుకులిద్దరూ వెనకాలే వచ్చారు. వాళ్ళ చేతుల్లోనూ ఏవో ఉన్నాయి. అయ్యగారు ముసలాయన, మా ముగ్గురిలో ఎవరు భుజంతో నెట్టినా పడిపోయే మనిషి. గొడుగు మడిచి కర్రలా పట్టుకున్నారు. గుమ్మంలోంచి మాత్రం జరగలేదు.

"ఈ గుమ్మానికి నేను పెట్టిన కట్టుబాటు కాదురా ఇది. లోపలికి ఎవరైనా రావచ్చు. చేతిలో మాత్రం ఏమీ ఉండకూడదు. మీ ముగ్గురూ రండి. వాడి పక్కనే కూర్చోండి. తిట్టండి. ఏడవండి. వద్దన్నానా?"

నేను గునపాలు దించలేదు. వెనక్కి తిరిగాను.

మర్నాడు చిన్నోణ్ణి పెట్టెలో పెట్టి చర్చికి తెచ్చాం. పోలీసులు వచ్చి ప్రమాదమని రాసుకుని పోయారు. వాళ్ళ పని అయిపోయింది, మాది కాలేదు. వరండా మెట్ల దగ్గర నేను ఆగిపోయాను. నాతోపాటు పెట్టె మోసేవాళ్ళూ ఆగారు.

"ఒక్క గంటసేపు వాణ్ణి ఎక్కడికైనా పంపండి. నా తమ్ముడు పాటలు పాడిన చోటు. వాడొక్కసారి లోపలికి పోవాలి" అని అడిగాను. బతిమాలాననే చెప్పాలి. నా జీవితంలో నేను బతిమాలింది అదొక్కసారే.

అయ్యగారు గేటు వైపు చూశారు. మా పెదనాన్న కొడుకులు, వాళ్ళ స్నేహితులు గేటుకి అటూ ఇటూ నిలబడి ఉన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఒక్క అడుగు బయట పెడితే ఇంకో పెట్టె చేయించాలి నాయనా. పంపలేను. చిన్నోణ్ణి లోపలికి తీసుకురా. ఉడుంని వెనక గదిలో కూర్చోబెట్టాను. నీ కంట పడడు."

"వాడు ఏ మూలన ఉన్నా నా తమ్ముడు ఆ కప్పు కిందికి రాడు."

పెట్టె గుమ్మం మీదే దించాం. సగం లోపల, సగం బయట. అయ్యగారు గుమ్మంలోనే నిలబడి ప్రార్థన చేశారు. క్వయర్ వాళ్ళు లోపలే ఉండి పాడారు. చిన్నోడి గొంతు ఉండాల్సిన చోట పాట గుంటపడినట్టు అయింది. ఆ గుంటలోంచి వెనక గది అరుపు ఒకటి వినపడింది. మనిషి అరుపులా లేదు. మా ఆవిడ పెట్టె పక్కన కూర్చుని ఉంది. ఆ అరుపు వినగానే లేచింది. ఒక కాలు లోపలికి వేసి, రెండో కాలు తియ్యలేక, గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెట్టె ఎలా ఉందో తనూ అలాగే ఉంది.

సమాధి దగ్గర మట్టి వెయ్యమన్నారు. జీవితమంతా మట్టి పైకి తీసినవాణ్ణి. కిందికి వెయ్యడం చేతకాలేదు.

మూడో రోజు పొద్దున మా ఆవిడ క్యారియర్ సర్దుతోంది. రెండు గిన్నెలు అన్నం, ఒక గిన్నె కూర. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

"ఎక్కడికే?"

"తెలిసీ ఎందుకు అడుగుతావు?"

"మోకు వదిలితే అన్నం పెట్టవని చిన్నోడు రోజూ అనేవాడు. మర్చిపోయావా?"

ఆ మాట నేను అనకుండా ఉండాల్సిందంటారు వినేవాళ్ళు. అనకపోతే అది నా గొంతులో పుండయ్యేది. తను క్యారియర్ మూత బిగిస్తూ ఆగింది.

"వాడు మోకు వదల్లేదు. పట్టుకునే ఉన్నాడు. చేతుల్లో తోలు లేచిపోయింది, చూశావా? ఎక్కడ చూస్తావు, నువ్వు గుమ్మం దాటి రావుగా."

"వాడి తోలు గురించి నాకు చెప్పకు. నా తమ్ముడు..."

"నీ తమ్ముడేంటి?" అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "నోట్లో ముద్ద పెట్టింది నేను. జ్వరమొస్తే పక్కన కూర్చుంది నేను. నువ్వు బావుల బేరాల్లో ఉన్నావు. వాడు పోయిన చోట నాకు లోపల కాలుతోంది. ఏడవడానికి ఈ ఇంట్లో నాకు చోటు లేదు. ఇక్కడ ఏడిస్తే ఎవరికోసం ఏడుస్తున్నావని నువ్వు అడుగుతావు. అక్కడ దేవుడు అడగడు."

"అయితే అక్కడే ఉండు. ఆ గుమ్మం తొక్కిన కాలితో ఈ గుమ్మం తొక్కకు."

తను నా వైపు చూసింది. చెంగుతో క్యారియర్ తుడిచింది. అంత సేపూ నేను మాట వెనక్కి తీసుకుంటానని చూసిందని నాకు తెలుసు. చెప్పులేసుకుని వెళ్ళింది. చర్చి వెనకాల ఆడవాళ్ళ కుట్టు గది ఒకటుంటే అందులో అయ్యగారు తనకి చోటిచ్చారు. ఆయనకి చోటివ్వడం తప్ప ఇంకేం తెలుసు?

ఆ వేసవి అలా గడిచింది. పొద్దున నేను లాండ్రీ బావి దగ్గర. బేరం ఒప్పుకుని సగం డబ్బు తిన్నవాణ్ణి, పని ఎగ్గొట్టడానికి లేదు. లాండ్రీ యజమాని పెద్ద ఫ్యాను ఒకటి అద్దెకి తెచ్చి, గొట్టం వేసి బావిలోకి మంచి గాలి కొట్టించాడు. ముందే తెచ్చి ఉంటే అని అతనితో అనలేదు. అతనే రోజూ తనలో తను అనుకోవడం విన్నాను. సాయంత్రమయితే చర్చి ఎదురుగా టీ కొట్టు బల్ల మీద నేను, పెదనాన్న కొడుకులు.

"ఎన్నాళ్ళుంటాడు? ఆకలేస్తే ఎలుక కలుగులోంచి రాదా?" అనేవాడు పెద్దవాడు.

"అన్నం కలుగులోకే పోతోందిగా" అనేవాడు చిన్నవాడు, నా వైపు చూడకుండా.

టీ కొట్టు ముసలామె గ్లాసులు కడుగుతూ అంది. "కలుగు ముందు కాపలా కాసే పిల్లికీ ఆకలేస్తుందిరా అబ్బాయిలూ. పాత బాకీ సంగతి చూసి లేవండి."

కొన్నాళ్ళకి వాళ్ళిద్దరూ రావడం మానేశారు. ఒకడికి లారీ మీద పని దొరికింది, ఇంకొకడికి పిల్ల పుట్టింది. పగ మొయ్యడం కూడా తీరిక ఉన్నవాళ్ళ పనే. నేనొక్కణ్ణే మిగిలాను.

ఓ సాయంత్రం చర్చి పక్క కిటికీ తెరిచి ఉంటే ఉడుం కనపడ్డాడు. నేల మీద కూర్చుని ఉన్నాడు. మనిషి ఎండిపోయి బట్టల్లో కర్రలా ఉన్నాడు. చేతుల్లో సన్నటి తాడు ఏదో ఉంది, కాలి బొటనవేలికి కట్టి పేనుతున్నాడు. ఉరి పోసుకుంటాడు కాబోలు అనుకున్నాను. పోసుకోనీ అనుకున్నాను. అనుకుని ఇంటికొచ్చి పడుకున్నాను. తెల్లారగానే టీ తాగే వంకతో మళ్ళీ వెళ్ళాను. మా ఆవిడ చర్చి పంపు దగ్గర క్యారియర్ కడుగుతోంది. గిన్నెలన్నీ ఖాళీగా ఉన్నాయి, వీడు తిన్నాడన్నమాట. అప్పుడుగానీ నాకు ఊపిరి ఆడలేదు. ఎందుకో నన్ను అడక్కండి. తను తల ఎత్తి నన్ను చూసింది. నేను టీ వైపు చూశాను.

వానలు ఇంక రేపో మాపో అన్నట్టున్నప్పుడు అయ్యగారు బావి దగ్గరికి వచ్చారు. గొడుగు వేసుకునే ఉన్నారు. బావిలోకి తొంగి చూసి కళ్ళు మూసుకున్నారు. తర్వాత నాతో అన్నారు.

"రేపు వాళ్ళు వెళ్ళిపోతున్నారు నాయనా. దూరంగా నా స్నేహితుడి చర్చి ఒకటుంది. అక్కడ తోటపని ఇస్తామన్నారు."

"వాళ్ళు అంటే?"

"వాడూ, అక్కా."

పార మీద చెయ్యి బిగిసింది. "అంటే నా పెళ్ళాన్ని కూడా మీరే పంపించేస్తున్నారన్నమాట."

"నేను ఎవరినీ పంపను. ఎవరినీ ఆపను. తలుపు తీసి ఉంచుతాను, అంతే నా పని." గొడుగు రెండో చేతిలోకి మార్చుకున్నారు. "వాడు తన చేత్తో అన్నం తినడం లేదురా. మోకు వదిలినవాడికి అన్నం లేదంటాడు. చిన్నోడి మాట అట కదా. అక్క ముద్ద చేసి నోట్లో పెడితేనే తింటాడు. వాడి చిన్నప్పుడు కూడా ఆవిడే పెట్టిందట. అందుకని వెంట వెళ్తోంది. నిన్ను వదిలి కాదు."

నేను పార మట్టిలో గుచ్చాను.

"వాడు నిన్నొకసారి చూడాలంటున్నాడు. ఆవిడేమీ అనలేదు. కానీ గుమ్మం వైపు చూస్తూనే ఉంటుంది. రేపు మధ్యాహ్నం చర్చి గంట కొట్టేదాకా ఉంటారు. రా. గునపం ఆ మూలన పెట్టి రా."

"రాను."

"గంట దాకా" అని గొడుగు సర్దుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు నేను బావిలోకి దిగాను. రోజూ కూలీని దింపి మోకు నేనే పట్టేవాణ్ణి, ఆ రోజు కావాలనే నేను దిగాను. పైన ఉంటే కాళ్ళు నా మాట వినవేమోనని భయం. బావి అడుగున ఉన్నవాణ్ణి దేవుడయినా ఎక్కడికి రమ్మంటాడు? మోకు పట్టింది కొత్తగా పెట్టుకున్న మనిషి. నిద్రలో కూడా మాట్లాడతాడని వాణ్ణి వసపిట్ట అనేవాళ్ళం. మా సంఘంవాడే.

అడుగున చల్లగా ఉంది. గొట్టంలోంచి గాలి బుసకొడుతోంది. గోడకి చిన్నోడి గునపం దెబ్బలు ఇంకా ఉన్నాయి, పక్కపక్కన, వరసగా, వాడి పని ఎప్పుడూ శుభ్రం. నేను వాటి పక్కనే తవ్వుతున్నాను. ఎంతసేపు తవ్వానో తెలియదు.

మోకు ఊగింది.

గంట నాకు వినపడలేదు. వినపడదు కదా. మోకు ఒక్కటే నా ముఖం ముందు అటూ ఇటూ ఊగుతోంది. ఆ అలవాటు వసపిట్టకి ఎవరు చెప్పారు? ఆపరా అని అరిచాను. గొట్టం గాలిలో నా అరుపు నాకే వినపడలేదు. మోకు రెండు చేతులా పట్టుకుని లాగాను, ఊపాను, బలమంతా పెట్టి ఊపాను. ఆపమని. పైకి లాగమని. నేను పోవాలి, గంట కొట్టేశారు, వాళ్ళు వెళ్ళిపోతారు, లాగరా అని.

పైనుంచి మోకు కదల్లేదు.

తలెత్తి చూశాను. పైన పళ్ళెమంత ఆకాశం. దానిలో ఎవరి తలా లేదు.

మళ్ళీ ఊపాను. ఊపుతూనే ఉన్నాను. చేతులు తమంతట తామే ఊపుతున్నాయి. ఆ పళ్ళెమంత వెలుగుని చూస్తూ నోరు మాత్రం ఆగిపోయింది. పైనున్నవాడికి చేరేది మోకు ఒక్కటే. మోకుకి నోరు లేదు.

కాసేపటికి ఆకాశంలోకి వసపిట్ట తల వచ్చింది.

"ఏమన్నా, ప్రార్థన చేసుకున్నావా?" అని అరిచాడు, సంతోషంగా. "గట్టిగా ఊపావే! చిన్నోడు పెట్టిన అలవాటని సంఘంలో చెప్పారులే. పాపం, వాడి పేరున నేనూ నాలుగు ముక్కలు ఎక్కువే చెప్పుకున్నా."

"ఆఁ" అన్నాను. "చేసుకున్నాను. లాగు."

తడి బురదతోనే రెండు వీధులూ పరిగెత్తాను. వరండా ఎక్కాక చేతిలో గునపం ఉందని చూసుకున్నాను. గొడుగుల మూలలో నిలబెట్టాను. నిలబడలేదు, జారి కింద పడింది, చర్చి అంతా మోగింది. అలా వదిలేసి లోపలికి వెళ్ళాను.

లోపల ఎవరూ లేరు. వెనకనుంచి మూడో బల్ల మాది. నేను, మా ఆవిడ, చిన్నోడు, ఉడుం, ఎప్పుడూ అదే వరసలో కూర్చునేవాళ్ళం. ఆ బల్ల మీద సన్నటి తాడు చుట్ట ఒకటి ఉంది. బావి లోతుకి సరిపోయేంత పొడుగు. చివర చిన్న ఇత్తడి గంట కట్టి ఉంది.

అయ్యగారు వెనక గదిలోంచి వచ్చారు.

"గంట మోత పూర్తిగా ఆగేదాకా ఆ గుమ్మం వైపే చూశారు నాయనా. బస్సు ఇంకొకటి లేదు." తాడు వైపు చూపించారు. "మోకుతో పాటు అది వేరేగా వేలాడదియ్యమన్నాడు. కింద లాగితే పైన గంట మోగుతుందట. పైకి లాగమని చెప్పడానికి తప్ప ఇంక దేనికీ దాన్ని ముట్టుకోవద్దని చెప్పమన్నాడు. రెండుసార్లు చెప్పాడు."

తాడు చేతిలోకి తీసుకున్నాను. పురి ఎక్కడా వదులు లేదు. ఉడుం పని.

"ఎక్కడికి వెళ్ళారు?"

"అది చెప్పలేను."

"ఇప్పుడు నా చేతిలో ఏమీ లేదు కదా అయ్యగారూ."

"చూశాను. కానీ వాళ్ళు చెప్పమన్న రోజున చెప్తాను. అదీ ఒక గుమ్మమే కదరా. నీకోసం ఒకలా, వాడికోసం ఒకలా తియ్యలేను."

ముఖం మీదే అనేశానని మొదట చెప్పిన మాటలు అప్పుడు అన్నవే. ఆయన అవునన్నారు. తర్వాత బల్ల మీద నా పక్కన కూర్చున్నారు. ప్రార్థన చెయ్యలేదు, వాక్యం చెప్పలేదు. బయట మొదటి వాన మొదలైంది. ఆయన గొడుగు తెచ్చి నా చేతికిచ్చి తాను తడుస్తూ ఆవరణ అవతల తన గదికి పోయారు.

ఇది జరిగి చాలాకాలమైంది. ఇప్పుడు నా ఏ బావిలోనైనా మోకు పక్కన ఆ సన్నతాడు ఉంటుంది. దాని గంట మోగితే పైనవాడు దేవుణ్ణయినా ఆపి లాగాలి. అయ్యగారు అప్పుడప్పుడూ వాళ్ళ కబురు చెప్తారు, ఊరు పేరు మాత్రం చెప్పరు. నేను అడిగానని మా ఆవిడతో చెప్పమన్నాను. చెప్పానన్నారు.

"ఏమంది?"

"సన్నతాడు వాడుతున్నాడా అని అడిగింది."

"మీరేమన్నారు?"

"వాడుతున్నాడన్నాను. తమ్ముడికి అన్నం వేళయిందని వెళ్ళిపోయింది."

క్షమించానా అంటే, ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. దేవుడిలో ఆశ్రయం ఉందని అయ్యగారు చెప్తుంటారు. ఉండవచ్చు. నాకు తెలిసిందల్లా వరండాలో ఎడమచేతి పక్కనున్న మూల. గునపం దించి ఖాళీ చేతులతో లోపలికి పోయే చోటు నాకు ఇంకొకటి లేదు. అందుకే ప్రతి ఆదివారం పోతాను. మా బల్ల మీద మా వాళ్ళ చోట్లలో ఎవరూ కూర్చోరు. ఎంత రద్దీగా ఉన్నా నిలబడే ఉంటారు. నేనూ జరగను, నా చివరే కూర్చుంటాను. అందరూ తల దించుకున్నప్పుడు నేను చేత్తో ఆ బల్ల కొలుస్తాను. కొలవడం నా పని కదా. మొత్తం ఎనిమిది జానలు. నాకు రెండు చాలు. ఆ వేసవి నేను పోగొట్టుకున్నది మిగతా ఆరు జానలు.